కాశమ్మ నల్ల కషాయం

మా జాలరిపేటలో నోరున్న ఆడది ఎవరంటే పాలబుగ్గల పిల్లలు కూడా నా ఇంటివైపే చెయ్యి చూపిస్తారు. చూపించనీ. మున్సిపాలిటీ బడిలో ఇన్నేళ్ళు ఎక్కాలు నేర్పిన దాన్ని, నోరు లేకపోతే ఆ గోలలో నెగ్గుకొచ్చేదాన్నా? కానీ ఇప్పుడు నేను చెప్పబోయే మనిషికి నోట్లో నాలుక లేదు. మా పెద్దమ్మ కూతురు కాశమ్మ. నాకంటే బాగా పెద్దది. అప్పా అని పిలిచేదాన్ని. ఆమె గురించి పేటలో రెండు మాటలు తిరుగుతున్నాయి. మనవరాలికి చేజేతులా విషం పోసిందని కొందరు, పాపం దేవతలాంటి మనిషని కొందరు. రెండు మాటలకీ నాకు ఒళ్ళు మండుతుంది. జరిగింది జరిగినట్టు చెప్తాను, ఆ తర్వాత ఎవరేమనుకుంటారో అనుకోండి.

నైలాను వలలు రాకముందు మావాళ్ళు వాడినవి నూలు వలలు. ఉప్పునీళ్ళలో నూలు ఎన్నాళ్ళుంటుంది? నాలుగు వేటలకే కుళ్ళి పీచులు పీచులుగా చేతికొస్తుంది. అందుకని తుమ్మచెక్క దంచి, పెద్ద ఇనప బానలో మరగబెట్టి, ఆ వగరు రసంలో వలలు నానబెట్టి ఇసకలో ఆరేసేవారు. ఆ పని ఆడవాళ్ళది. రసం ఎర్రగా దిగితే పనికిరాదు. ఇనుము తగిలి నల్లగా తిరగాలి. నల్లబడితేనే చెక్కలో సారమంతా దిగినట్టు లెక్క. కన్నెపిల్లగా ఉన్నప్పుడు కాశమ్మ ఈ పనిలో మొనగత్తె. వేలు ముంచి, గోరు వైపు చూసి, “దిగిపోనాది, వలలట్టుకు రండే” అని కేకేసేది. ఆమె గట్టిగా కేకేయడం నేను విన్నది అక్కడే.

ఆ రసాన్నే కడుపు చెడినవాళ్ళకి చిన్న గ్లాసుడు పట్టేవారు. విరేచనాలు ఆగిపోయేవి కూడా. “వలని కుళ్ళకుండా కాసింది పేగుని కాయదేటి?” అనేది కాశమ్మ. ఆ మాట తల్లి దగ్గర నేర్చుకుంది, ఆ తల్లి మరో తల్లి దగ్గర. అందులో అబద్ధమేమీ లేదని తర్వాత డాక్టరే చెప్పాడు. అదే మా కర్మ.

నైలాను వచ్చాక తుమ్మచెక్కతో పని లేకుండా పోయింది. నైలాను కుళ్ళదు. కాకపోతే తేలిక, నీళ్ళలో దిగదు. దిగాలంటే అంచున బరువు కట్టాలి. పాతకాలం కాల్చిన మట్టి గుళ్ళు కట్టేవారు, వాటి చోట సీసపు గుళ్ళు వచ్చాయి. కాశమ్మ మొగుడు గురువులు ఆ పని పట్టాడు. పాత సామాన్ల కొట్లో బ్యాటరీల లోపలి సీసం పలకలు దొరుకుతాయి. పెరట్లో పొయ్యి పెట్టి, చెవులున్న మందపాటి ఇనప మూకుట్లో వాటిని కరిగించి, మట్టి అచ్చుల్లో పోసేవాడు. చల్లారాక తీస్తే చింతగింజంత నుంచి ఉసిరికాయంత దాకా గుళ్ళు. రేవులో ఎన్ని తెచ్చినా చాలేవి కావు. సముద్రానికెళ్ళక్కర్లేని పని, ఇంటిపట్టున ఉండే మగాడు అని మా అమ్మలక్కలంతా కాశమ్మని చూసి కుళ్ళుకున్నారు.

కుళ్ళుకున్నంతసేపు పట్టలేదు. గురువులుకి కడుపు మెలిపెట్టడం మొదలైంది. నులకమంచం మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని మూలిగేవాడు. తర్వాత కుడిచెయ్యి మణికట్టు దగ్గర వేలాడిపోయింది. గరిటె పట్టలేడు, అన్నం కలుపుకోలేడు. పక్షవాతమన్నారు. గాలి సోకిందన్నారు. గిట్టనివాళ్ళు ఏదో చేయించారన్నారు. సీసమని ఒక్క వెధవ అనలేదు. తొంభై మూడులో పోయాడు. దినాలు కాగానే కాశమ్మ అదే పొయ్యి ముందు కూర్చుని అదే గరిటె పట్టుకుంది. కొడుకు నాగబాబు బోటు మీద కూలీకి వెళ్ళేవాడు. ఇల్లు గడవాలిగా.

నాగబాబు కూతురే అనూరాధ. రెండో కాన్పులో తల్లి, కడుపులో బిడ్డ ఇద్దరూ పోయారు. బోటెక్కితే నాగబాబు ఎప్పుడొస్తాడో సముద్రానికే తెలియాలి. ఆ ఆడగుంట పెంపకమంతా కాశమ్మదే. బడికి ఆమే చెయ్యి పట్టుకుని తెచ్చింది. “దీని తలకాయ మావోలందరి తలకాయల్లాంటిది కాదే కుసుమా. అంగట్లో సిల్లర నాకంటే బేగి లెక్కెడతంది. నీలాగ కుర్సీలో కూకోవాలిది” అంది. ప్రతి తల్లీ, ప్రతి మామ్మా అనే మాటే కదా అని నేను నవ్వాను. నెల తిరిగేసరికి నవ్వు పోయింది. నేను బోర్డు మీద లెక్క రాసి వెనక్కి తిరిగేలోపు అనూ చెయ్యి గాల్లో ఉండేది. తప్పు చెప్తుందేమోనని నేనే వేళ్ళు మడిచి చూసుకునేదాన్ని. ఈ పిల్లని కాలేజీ దాకా లాక్కెళ్ళాలని నేనూ పంతం పట్టాను. కాశమ్మకి బతుకులో ఇంకో కోరిక లేదు. మంచి చీర కొనుక్కోమంటే, “అది టీచరైనాక కట్టుకుంతాను” అనేది.

మూడో తరగతిలో ఆ చెయ్యి లేవడం మానేసింది.

ముందు కడుపునొప్పి. తర్వాత అన్నం సయించకపోవడం. మొహం పాలిపోయి సున్నం కొట్టినట్టయింది. ఆరో ఎక్కం మధ్యలో ఆగిపోయి నా మొహంలోకి చూసేది, నేను అందిస్తానేమోనని. మా పేట ఆరెంపీ డాక్టరు సీతారామాంజనేయులు నులిపురుగులన్నాడు, మందు పోశాడు. ఇంకోసారి నులిపురుగులన్నాడు, ఇంకో సీసా ఇచ్చాడు. ఆ మహానుభావుడికి పేటలో ఎవరికి ఏమొచ్చినా నులిపురుగులే. కాశమ్మ తన మందు తను మొదలుపెట్టింది. ఎండు ఉసిరికాయ, కరక్కాయ, తుమ్మచెక్క. పొద్దున్నే చిన్న గ్లాసుడు. అనూ మొహం చిట్లించి, ముక్కు మూసుకుని మింగేసి, నాలిక మీద బెల్లంముక్క వేయించుకునేది. నొప్పి తగ్గలేదు. కాశమ్మ గ్లాసు పెద్దది చేసింది.

దసరా సెలవులకి ముందు తరగతిలో పిల్లకి ఫిట్సు వచ్చింది. పలక చేతిలోంచి జారి పగిలింది. నోట్లోంచి నురగ. నేను దాన్ని ఒళ్ళో వేసుకుని ఆటోలో పెద్దాసుపత్రికి పరిగెత్తాను. వెనకే, రేవుకి మోసుకెళ్తున్న గుళ్ళ బుట్ట కూడా దించకుండా కాశమ్మ.

అక్కడ పిల్లల వార్డులో డాక్టరు శ్రీరామ్మూర్తి అని ఒకాయన. వయసులో చిన్నవాడు, ఓపిక గలవాడు. అనూ పెదవి ఎత్తి చిగుళ్ళు చూశాడు. తర్వాత కాశమ్మనీ నోరు తెరవమన్నాడు. ఇద్దరి చిగుళ్ళ అంచునా నీలంగా గీత.

“ఏం పని చేస్తావమ్మా నువ్వు?”

“సీసం గుళ్ళు పోత్తాను బాబూ. వలలకి.”

ఆయన కుర్చీ మా వైపు జరుపుకున్నాడు. తర్వాత మాకు అర్థమయ్యేలా చెప్పాడు. సీసం కరిగినప్పుడు లేచే పొగ, పెరట్లో పడే పొడి, చేతులకంటినది, అన్నంలో కలిసినది, అన్నీ ఒంట్లోకి వెళ్తాయి. పెద్దవాళ్ళకంటే పిల్లల పేగు దాన్ని ఎక్కువ పీలుస్తుంది. పేగుల్ని మెలిపెడుతుంది, ఎదిగే మెదడుని పాడు చేస్తుంది. గురువులు చెయ్యి వాలిపోయిన సంగతి నేను చెప్తే తల ఊపాడు. కాశమ్మ గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది.

“ఇంట్లో నాటుమందులేమైనా పడుతున్నారా?” అని అడిగాడాయన. ఆమె భయపడుతూ కషాయం సంగతి చెప్పింది. తిడతాడనుకుంది. ఆయన తిట్టలేదు. “ఉసిరి, కరక్కాయ, తుమ్మచెక్క, వీటిల్లో వగరు పదార్థాలుంటాయి. పాలీఫినాల్స్ అంటారు. ఇలాంటి విషాల్ని పేగులో కొంత పట్టుకుని ఆపుతాయని, మెదడుకి జరిగే చెడుపుని కొంత తగ్గిస్తాయని ఎలకల మీద చూస్తున్నారు. మనుషుల్లో ఇంకా తేలలేదు. పడితే పట్టు గాని, దాన్నే నమ్ముకుని కూర్చోకు. ముందు సీసం ఆగాలి. ఆగకపోతే ఏ మందూ పనిచేయదు” అన్నాడు.

ఇందులో తప్పు ముక్క ఒక్కటుందా? లేదు. కానీ మా వాళ్ళ చెవులు నాకు తెలుసు. కావాల్సిన ముక్క లోపలికి పోతుంది, మిగతాది గాలికి పోతుంది. మెట్లు దిగుతూ కాశమ్మ నా మోచెయ్యి పట్టుకుని, “ఇన్నావా? డాట్రుబాబు గూడా వగరు మంచిదన్నాడు” అంది. ఆ వారమంతటిలో ఆమె మొహం వెలగడం అదొక్కసారే.

అయితే ఆమె సగమే విన్నదని ఎవరైనా అంటే పళ్ళు రాలగొడతాను. సీసం ఆపమన్నాడు, ఆపేసింది. అదే రోజు. అచ్చులు పగలగొట్టి కాలవలో పారేసింది. మిగిలిన పలకలు కొట్టువాడు ఎంతిస్తే అంతకి వదిలించుకుంది. పెరట్లో పైమట్టంతా గునపంతో తవ్వి తట్టల్లో మోసుకుపోయింది. గుడిసె తాటాకు మార్పించింది. పాత బట్టలు తగలబెట్టింది. ఆ వయసులో చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని మద్దిలపాలెం సందుల్లో తిరిగి అమ్మింది. ఆసుపత్రిలో అనూ రక్తంలోంచి సీసాన్ని లాగే మందు ఎక్కించారు. పిల్ల తేరుకుంది. ఓ పొద్దున నర్సమ్మకి ఆరో ఎక్కం మొత్తం అప్పజెప్పింది. నేను వార్డులోనే ఏడ్చేశాను, సిగ్గేమిటి?

ఇంటికొచ్చిన రెండు మూడు నెలలకే మళ్ళీ మొదటికొచ్చింది. కడుపునొప్పి. తూలుడు. బడికొచ్చి కూర్చుంటే ఒక మూలకి చూస్తూ ఉండిపోయేది. పేరెట్టి పిలిస్తే ఎవర్నో పిలిచినట్టు చూసేది. రక్తం తీసి పరీక్షకి పంపిస్తే సీసం వెనకటికంటే ఎక్కువొచ్చింది, ఆ రోజే మళ్ళీ వార్డులో చేర్చుకున్నారు. ఈసారి డాక్టరు ఓపిక చచ్చిపోయింది.

“అమ్మా, నువ్వు దొంగతనంగా ఇంకా కరిగిస్తున్నావు. నాతో అబద్ధమాడొద్దు.”

“నూకాలమ్మ తోడు బాబూ. పొయ్యే తీసీసినాను. నా గుంట మీద ఒట్టు.”

“మరి ఎక్కడినుంచొస్తోంది? ఆకాశంలోంచా?”

ఆమె నా వైపు చూసింది, నువ్వైనా చెప్పవే అన్నట్టు. నేను చెప్పలేదు. నాకూ అనుమానమే. కూడు లేనమ్మకి నీతులెక్కడివి, ఎక్కడో ఎవరి పెరట్లోనో పోస్తోందనుకున్నాను. తిన్నగా ఆమె ఇంటికి వెళ్ళాను. పక్కింటివాళ్ళు చూస్తున్నా లెక్కచేయక మూలమూలా వెతికాను. మంచం కింద, చూరులో, కట్టెల వెనక. గుండు ముక్క లేదు. ఇల్లు అద్దంలా ఉంది. అప్పటికి పొద్దు ఇంకా ఎక్కలేదు. పెరట్లో మూడు రాళ్ళ మీద, ఆసుపత్రికి వచ్చే ముందు కాశమ్మ ఎక్కించిన కషాయం నివురు నిప్పుకి ఇంకా కాగుతోంది. వంగి చూశాను. చెవులున్న మందపాటి ఇనప మూకుడు.

నా వెనకే ఆసుపత్రి నుంచి వచ్చిన కాశమ్మ ఊపిరి తీసుకుంటూ నిలబడింది.

“అప్పా. ఇదెక్కడిది?”

“మీ బావ మూకుడే. సీసం మానీసినాం కదా, ఇంకిప్పుడు పూర్తిగా కసాయానికే ఉంచీసినాను.”

“ఇంకిప్పుడంటే? ఇంతకుముందు కూడా దీన్లోనే కాసేదానివా?”

“అవును మరి. అల్లూమినం గిన్నెలో కాత్తే ఎర్రగానే ఉండిపోతంది. ఇనుంలో కాత్తేనే కదేటి నల్లగా దిగేది? ఇంట్లో ఇనుపదంటే ఇదొక్కటే. బూడిదెట్టి, ఇసకెట్టి, సింతపండెట్టి బాగా తోమినాను. సూడు, ఎంత తెల్లగుందో.”

కషాయం మట్టిలో పారబోసి చూశాను, తెల్లగానే ఉంది. లోపల అడుగునా, చెవుల దగ్గర రివిట్ల చుట్టూ వెండిలా మెరుస్తోంది. ఇనుము అలా మెరుస్తుందా? వేడి మూకుడు గోనెలో చుట్టుకుని, కాశమ్మని వెంటబెట్టుకుని మళ్ళీ ఆటో ఎక్కాను. శ్రీరామ్మూర్తి చాకు మొనతో అడుగున గీకాడు. బూడిదరంగు ముక్క మైనంలా చుట్టలు చుట్టుకుంటూ లేచింది. ఆయన దాన్ని బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాడు. పులుపు, వగరు కలిసి మరిగితే సీసాన్ని కడిగి తనలో కలుపుకుంటుందన్నాడు. అచ్చులు, పలకలు ఉన్నప్పుడు పొగ నుంచి వెళ్ళిందే ఎక్కువ, ఆ తర్వాత వెళ్ళిందంతా గ్లాసులోంచేనన్నాడు. “ఏం పడుతున్నావని అడిగాను, దేంట్లో కాస్తున్నావని అడగలేదు” అన్నాడు. ప్రపంచంలో ఏ డాక్టరు అడుగుతాడు?

కాశమ్మ వార్డు వరండాలో, అనూ మంచానికి ఎదురుగా కూర్చునుంది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు, ఎదురుగా ఉన్నది ఆమె. పదిమంది వింటుండగా అనేశాను. “నీ చేత్తోనే పోశావే అప్పా! మూకుడు నిండా సీసమే. రోజూ పొద్దున్నే నువ్వే పోశావు. తాగనంటే ముక్కు మూసి మరీ పోశావు!” చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు అరిచి ఏం లాభమని అప్పుడు తోచలేదు.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నేను చెప్పింది ఒక్కొక్క మాటా లోపలికి దింపుకున్నట్టు కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది.

“మందు మంచిదేనా?”

“మంచిదే.”

“నల్లగా తిరిగితే సారం దిగినట్టు కాదేటి?”

“దిగింది అప్పా. దాంతోపాటు సీసమూ దిగింది.”

ఆమె తల ఊపింది. ఇంకేం చెప్పను? మందు మంచిది, మనసు మంచిది, డాక్టరు మంచివాడు. పిల్ల మాత్రం మంచం మీద నోరు తెరుచుకుని పడుంది.

అనూ బతికింది. రక్తం బాగుపడింది, ఫిట్సు తగ్గాయి, ఒళ్ళు చేసింది. తల బాగుపడలేదు. ఒకటి రెండేళ్ళు బడికి తెచ్చి కూర్చోబెట్టాం. నేను రకరకాలుగా ప్రయత్నించాను, గవ్వలతో, రొయ్య తలలతో, బెల్లంముక్కలతో. ఐదు దాటి పోదు. నాలుగు గవ్వలు చేతిలో పెట్టుకుని, నా మొహం చూసి నవ్వేది. ఒకప్పుడు నా బోర్డుని ఓడించిన పిల్ల. ఆ నవ్వు చూడలేక నేనే ఒకరోజు ఇంక తీసుకురావద్దన్నాను. నాగబాబు వేట నుంచి వచ్చి విషయం విని అరుగు మీద కూర్చున్నాడు. తల్లిని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. వచ్చినప్పుడల్లా డబ్బు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోతాడు.

ఇది జరిగి ఏళ్ళయింది. అనూకిప్పుడు పదిహేడు. మనిషి ఏపుగా ఎదిగింది, తల్లి అందమే. జడ వేయాలి, అన్నం కలిపి పెట్టాలి, బయటికెళ్తే వెంట ఉండాలి. అన్నీ కాశమ్మే. ఆమెకీ చేతులు వణుకుతున్నాయి, కడుపులో పోట్లు వస్తున్నాయి. ఆసుపత్రికి రమ్మంటే రాదు. “నాకు మందేటి?” అంటుంది. నేను తిట్టిపోస్తాను. వింటుంది, రాదు.

పోయిన మాఘమాసంలో ఓ సాయంత్రం బడి నుంచి అటే వెళ్ళాను. గుమ్మంలో అనూని ఎదురుగా కూర్చోబెట్టుకుని, దాని రెండు చేతులూ పట్టుకుని కాశమ్మ మాట్లాడుతోంది. నన్ను చూసి కూడా ఆపలేదు.

“ఇను తల్లీ. నాను సీసం కరిగించిన మూకుట్లోనే నీకు కసాయం కాసినాను. దానివల్లే నీ తలకాయ పాడైపోనాది. నీకు లెక్కలన్నీ వచ్చీవి. టీచరమ్మవయ్యీదానివి. నానే పాడు సేసినాను. తిట్టు. ముసల్దానా, నీ సేతులిరిగిపోనూ అని తిట్టవే.”

అనూ ఆమె నోటి వైపే చూస్తోంది.

“ఏం పని అప్పా ఇది?” అన్నాను. “దానికేం తెలుస్తుందని?”

“రోజూ సెప్తన్నాను. ఏనాటికైనా తెలవదేటి?”

“నేను తిట్టాను కదా. ఆసుపత్రిలో అందరి ముందూ తిట్టాను. చాలదా?”

“నువ్వు తిట్టినావు. పేటంతా తిట్టింది. మీరు తిడితే నాకేటి? పోనాది దాని సొమ్ము. అది తిట్టాల.” మళ్ళీ పిల్ల వైపు తిరిగి, గడ్డం పట్టుకుని ఊపింది. “తిట్టవే తల్లీ. ఒక్కపాలి తిట్టవే.” ఇన్నేళ్ళలో ఆమె కంట నీళ్ళు నేను అప్పుడే చూశాను.

అనూ ఆ నీళ్ళు చూసింది. దాని నుదురు ముడిపడింది, ఒకప్పుడు బోర్డు మీద లెక్క చూసినప్పటిలాగే. చాలాసేపు ఆలోచించింది. తర్వాత చేతులు విడిపించుకుని మామ్మ కడుపు మీద పెట్టింది.

“కడుపు నొప్పెడతందా మామ్మా?”

కాశమ్మ దాని మొహంలోకి చూసింది.

“అవునమ్మా,” అంది. “బాగా నొప్పిగుంది.”

అనూ ఇంకాస్త దగ్గరికి జరిగి, మెల్లగా రుద్దుతూ కూర్చుంది.